ఎరవికుళం నేషనల్ పార్క్ (రాజమల), మున్నార్ రివ్యూ: "నాలుగు మేకలే కదా" అన్నవాళ్ళకి

మున్నార్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు ఎరవికుళం గురించి రాసినవి చదువుతుంటే ఒకటే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది, గంటలు గంటలు లైన్లో నించుని బస్సెక్కి పైకెళ్తే నాలుగు మేకలు తప్ప ఏం లేవు, టైం వేస్ట్ అని. ఒక స్టార్ ఇచ్చేసి వెళ్ళిపోతున్నారు. నాకు చాలా బాధేసింది. ఈ పార్క్ అంటే నాకు ప్రాణం, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపికున్నవాళ్ళు చదవండి. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎక్కడ పోయిందో కూడా చెప్తా.

ముందు ఆ మేకల సంగతి. అవి మేకలు కావండీ. నీలగిరి తార్ అంటారు, అక్కడివాళ్ళు వరయాడు అంటారు, తమిళనాడుకి రాష్ట్ర జంతువు కూడా ఇదే. కేరళ, తమిళనాడుల్లో పశ్చిమ కనుమల పైభాగాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో బతకట్లేదు. హిమాలయాల్లో ఉండే తార్ వేరే జాతి. 2025లో రెండు రాష్ట్రాలు కలిసి లెక్కపెడితే మొత్తం 2,668 తేలాయి, కేరళలో 1,365, అందులో ఒక్క ఎరవికుళంలోనే 841. అంటే భూమ్మీద ఉన్న ప్రతి మూడు వరయాడుల్లో దాదాపు ఒకటి ఈ పార్క్‌లోనే ఉంది. ఇంకో లెక్క చెప్తా, 2022 అంచనా ప్రకారం మన దేశంలో పులులు 3,682. ఇప్పుడు ఆలోచించండి, పులి కోసం వేలకి వేలు పెట్టి జీపెక్కి మూడు గంటలు తిరిగి కాళ్ళ గుర్తులు మాత్రం చూసి "సూపర్ ఎక్స్‌పీరియన్స్" అంటాం, పులి కంటే తక్కువ సంఖ్యలో మిగిలిన జంతువు మన పక్కనే నించుని గడ్డి మేస్తుంటే మేక అని పేరు పెట్టి వచ్చేస్తాం.

సరే, వెళ్ళడం ఎలా ఉంటుందో చెప్తా. మున్నార్ టౌన్ నుంచి మరయూర్, ఉడుమలపేట వైపు పోయే రోడ్డులో పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు వెళ్తే ఐదో మైలు అనే చోట చెక్‌పోస్ట్ ఉంటుంది. మన బండి అక్కడే ఆపేయాలి, టికెట్ చూపించాలి, బ్యాగుల్లో ప్లాస్టిక్ ఉందేమో చూస్తారు, ఆ తర్వాత ఫారెస్ట్ వాళ్ళ బస్సు ఎక్కాలి. టీ తోటల మధ్యలోంచి మెలికలు తిరుగుతూ రాజమల దాకా తీసుకెళ్ళి దింపుతుంది. అక్కడి నుంచి మంచి రోడ్డు మీదే ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్ల నడక, మెల్లగా ఎత్తుకి పోతూ ఉంటుంది, చివర్లో ఒక గేటు వస్తుంది, అంతే, అక్కడి నుంచి వెనక్కి రావాల్సిందే. మొత్తం పార్క్ 97 చదరపు కిలోమీటర్లు ఉంటే మనకి నడవనిచ్చేది ఈ రోడ్డు ముక్క ఒక్కటే. బస్సు కిటికీ సీటు దొరికితే ఎడమా కుడీ అని చూసుకోకండి, మెలికల్లో రెండు వైపులా లోయ వస్తూనే ఉంటుంది.

చాలామందికి కోపం వచ్చేది ఆ గేటు దగ్గరే. ఇంత దూరం వచ్చి ఇంతేనా అని. నా ఉద్దేశం ఏంటంటే, ఈ పార్క్‌లో మనం డబ్బులిచ్చి చూసేదంతా ఆ గేటు వల్లే మిగిలింది. వరయాడు చాలా బెదురు జంతువు, వేట ఉన్న కొండల్లో మనిషి వాసన తగిలితే చాలు, రాతి గోడ మీదికి ఎక్కేస్తుంది, దూరం నుంచి బైనాక్యులర్స్‌లో ఒక మచ్చలాగా చూసుకోవాల్సిందే. రాజమలలో మాత్రం రోడ్డు పక్కన రెండు మూడు మీటర్ల దూరంలో, పిల్లలతో సహా, మనల్ని లెక్కచేయకుండా మేస్తూ ఉంటుంది. దశాబ్దాలుగా ఇక్కడ వాటిని ఎవరూ వేటాడకపోబట్టే ఆ ధైర్యం వచ్చింది. ఆ గేటు తీసేసి అందరినీ కొండంతా తిరగనిస్తే రెండేళ్ళు పట్టదు అవి మళ్ళీ రాళ్ళెక్కడానికి.

ఈ నేల చరిత్ర కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. 1877లో జాన్ డేనియల్ మన్రో అనే తెల్లదొర పూంజార్ రాజా దగ్గర ఈ కొండలన్నీ (కన్నన్ దేవన్ కొండలంటారు) లీజుకి తీసుకున్నాడు, అక్కడి నుంచే మున్నార్ టీ తోటల కథ మొదలైంది. కింద కొండలన్నీ టీ అయిపోయినా, పైన ఉన్న ఈ గడ్డి మైదానాన్ని తోటల దొరలు వేటకీ, వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టుకోవడానికీ తమ కోసం అట్టే పెట్టుకున్నారు. వాళ్ళ సరదా కోసమే అయినా నేల చెక్కుచెదరకుండా మిగిలింది, ముతువాన్ గిరిజనులని కాపలా కూడా పెట్టారు. 1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి కన్నన్ దేవన్ కొండల్లో సాగులో లేని భూములు వెనక్కి తీసుకుంది, 1975లో ఇది అభయారణ్యం అయింది, 1978లో నేషనల్ పార్క్ అయింది. ఇప్పటికీ పార్క్ లోపల లక్కంకుడిలో ముతువాన్లు ఉన్నారు, వాచర్లుగా ఎక్కువమంది వాళ్ళే చేస్తారు. మనకి దారిలో "చప్పుడు చేయొద్దు సార్" అని మెల్లగా చెప్పే మనిషికి ఆ కొండలో ప్రతి వాగూ తెలిసి ఉంటుంది, విసుక్కోకుండా నవ్వుతూ అడిగి చూడండి, వచ్చీరాని తమిళంలో అడిగినా చాలు, బోలెడు చెప్తారు. మున్నార్‌లో ఎటూ తమిళమే ఎక్కువ వినిపిస్తుంది, మలయాళం రాదని భయపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఆ కొండలు. మనకి కొండ అంటే అడవి. నల్లమల అయినా శేషాచలం అయినా చెట్లతోనే కప్పేసి ఉంటాయి. ఇక్కడ బస్సు దిగి తలెత్తి చూస్తే చెట్లు లేని పచ్చటి వాలు, ఆకాశం దాకా గడ్డే, మధ్యమధ్యలో నున్నటి నల్ల రాతి పలకలు, వాటి మీద నీళ్ళు తెల్ల గీతల్లా జారుతుంటాయి. చెట్లు ఎక్కడున్నాయంటే కొండ మడతల్లో, నీళ్ళు చేరే లోతుల్లో మాత్రమే, పొట్టిగా గుబురుగా, పైనుంచి చూస్తే కాలీఫ్లవర్లు పక్కపక్కన పేర్చినట్టు. వీటిని షోలా అడవులంటారు. పక్కనున్న వాళ్ళు "ఇక్కడ చెట్లన్నీ కొట్టేసినట్టున్నారు, కొత్తవి నాటొచ్చు కదా" అనుకోవడం విన్నాను, ఎవరూ కొట్టలేదండీ, ఇవి వేల ఏళ్ళుగా ఇలాగే ఉన్నాయి. ఆ ఎత్తులో చలికాలం మంచు గడ్డకడుతుంది, గాలి విపరీతం, మట్టి పలచన, అప్పుడప్పుడు నిప్పు, వీటన్నిటికీ తట్టుకునేది గడ్డే, లేత చెట్టు మొక్క బయట బతకదు, మడతల్లో దాక్కున్నదే బతుకుతుంది. నిజానికి పశ్చిమ కనుమల్లో ఇలాంటి గడ్డి కొండల్ని చాలా చోట్ల "ఖాళీ భూమి" అనుకుని యూకలిప్టస్ చెట్లూ, తుమ్మ జాతికి చెందిన "వాటిల్" అనే చెట్లూ నాటి పాడుచేశారు. వరయాడుకి కావాల్సింది చెట్టు కాదు, గడ్డీ, పక్కనే పారిపోవడానికి రాతి గోడా. రెండూ ఉన్న చోటు పోయిందంటే అదీ పోతుంది. మున్నార్ చుట్టూ కొండలు చూసి తర్వాత రాజమల చూస్తే ఆ తేడా కంటికే తెలిసిపోతుంది.

ఇంకో మాట, ఈ కొండ నీళ్ళు రెండు వైపులకీ పోతాయి. కొన్ని వాగులు పడమటికి పెరియార్‌లో కలుస్తాయి, కొన్ని తూర్పున పాంబార్ మీదుగా అమరావతి నదిలోకి, అక్కడి నుంచి కావేరికి. అంటే తమిళనాడులో ఎక్కడో కావేరి నీళ్ళతో పండే వరిలో ఈ గడ్డి పట్టి ఉంచిన వాన కూడా ఉంటుందన్నమాట.

ఆనముడి గురించి చెప్పకపోతే ఎలా. 2,695 మీటర్లు, హిమాలయాలకి దక్షిణాన మన దేశంలో ఇంతకంటే ఎత్తైన శిఖరం లేదు. మన ఆంధ్రాలో ఎత్తైన కొండలు 1,700 మీటర్ల లోపే, దాంతో పోల్చుకోండి. మామూలు టూరిస్టులని పైకెక్కనివ్వరు, రాజమల రోడ్డు మీద నుంచి ఆ భుజం మాత్రం చూడొచ్చు, మబ్బు కరుణిస్తే. ఆ శిఖరం దగ్గర నారింజ రంగులో మెరిసే చిన్న కప్ప ఒకటి ఉంది, 2010లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా ప్రకటించారు. మనం దాన్ని జన్మలో చూడం. చూడకపోయినా మన టికెట్ డబ్బుతో దానికి కాపలా జరుగుతోందంటే నాకు చాలా తృప్తిగా ఉంటుంది.

మేం వెళ్ళింది ఇంట్లోవాళ్ళందరం కలిసి, మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అయినా మెల్లగా ఆగుతూ ఆగుతూ నడిచారు. దిగేసరికి మంచు, పది అడుగుల ముందు మనిషి కనబడట్లేదు. మా వాడు "ఏం కనబడట్లేదు నాన్నా, పోదాం" అని గొడవ. అత్తయ్యే "ఆగరా, ఎండ రానీ" అని పిట్టగోడ మీద కూర్చున్నారు. ఓ అరగంటకి మంచు కొంచెం చీలింది, చూస్తే మేం కూర్చున్న గోడకి పైన వాలులోనే పది పన్నెండు ఉన్నాయి, ఎప్పటి నుంచి ఉన్నాయో. ఆడవి బూడిద రంగు, పిల్లలు వాటి కాళ్ళ సందుల్లో, వాటికి కొంచెం ఎడంగా పెద్ద మగది ఒకటి. ముదురు చాక్లెట్ రంగు ఒళ్ళు, నడుము మీద మాత్రం జీను వేసినట్టు తెల్లటి మచ్చ, వెనక్కి వంగిన కొమ్ములు. బాగా పెరిగిన మగది వంద కిలోల దాకా ఉంటుంది, అంత బరువుతో నిట్టనిలువు రాయి మీద ఒక్క గిట్ట కూడా జారకుండా దిగింది. అత్తయ్య చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. మా వాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

అందుకే చెప్తున్నా, తొందర పడకండి. మొదటి బస్సులకి వెళ్ళండి, ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. ఎండ ముదిరాక వరయాడులు మేత ఆపేసి రాళ్ళ మీదికి పోయి పడుకుంటాయి. అంటే పదకొండుకి తీరిగ్గా టిఫిన్ చేసి, టీ మ్యూజియం, డ్యామ్ అన్నీ చూసుకుని మధ్యాహ్నం చేరేవాళ్ళకి అవి కనబడకపోవడానికి కారణం ఇదే. ప్యాకేజీల వాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు, మేం మాట్లాడుకున్న ట్రావెల్స్ అతను కూడా మొదట మధ్యాహ్నం స్లాటే పెట్టాడు, గట్టిగా అడిగితే మార్చాడు. మీరు కూడా బుక్ చేసుకునేటప్పుడే "రాజమల ఫస్ట్, మిగతావన్నీ తర్వాత" అని చెప్పేయండి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు, ధరలు మారుతుంటాయి కాబట్టి సైట్‌లో చూసుకోండి. సెలవులప్పుడు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, ఆన్‌లైన్ టికెట్ లేకుండా వెళ్ళొద్దు.

పిట్టల మీద ఇష్టం ఉన్నవాళ్ళు బైనాక్యులర్స్ తప్పకుండా పట్టుకెళ్ళండి. గడ్డిలో నీలగిరి పిపిట్, షోలా అంచుల్లో నలుపు నారింజ రంగుల ఫ్లైక్యాచర్, పొదల్లో గోల చేసే లాఫింగ్ థ్రష్‌లు, ఇవన్నీ ఈ ఎత్తైన కొండలకే ప్రత్యేకం. లోపల ఏనుగులు, చిరుతలు, రేచుకుక్కలు, పులులు కూడా ఉన్నాయి, నీలగిరి మార్టెన్ అనే పసుపు మెడ జంతువు కూడా ఉంది, కానీ రోడ్డు మీద నుంచి అవి కనబడతాయని ఆశ పెట్టుకోకండి. సఫారీ కావాలంటే ఇది ఆ చోటు కాదు.

కురింజి గురించి అందరూ అడుగుతారు. నీలకురింజి పన్నెండేళ్ళకోసారి పూస్తుంది, కొండకి కొండే ఊదా నీలంగా మారిపోతుంది, ఒకసారి పూసి గింజ రాలి ఆ మొక్క చచ్చిపోతుంది, మళ్ళీ కొత్త మొక్కలు పుట్టి పన్నెండేళ్ళు పెరగాలి. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్ళీ 2030. 2018లో పాపం ఆగస్టు వరదలు వచ్చి మున్నార్ రోడ్లన్నీ తెగిపోయాయి, చాలామంది టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. మధ్య ఏళ్ళలో వేరే కురింజి జాతులు అక్కడక్కడా పూస్తుంటాయి, వాటి ఫోటోలు పెట్టి "ఇప్పుడే నీలకురింజి సీజన్" అని చెప్పేవాళ్ళని నమ్మి టికెట్ కొనకండి. 2030కి వెళ్ళేవాళ్ళు ఒక్క పువ్వు కూడా కోయకండి, దండం పెట్టి చెప్తున్నా, ఆ పువ్వులో ఉన్న గింజే 2042 పువ్వు.

వానాకాలం గురించి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ పడే వాన మనం ఊహించలేం. పచ్చదనం అప్పుడే అద్భుతంగా ఉంటుంది, మగ వరయాడులు ఆడవాటి కోసం కొట్టుకునేదీ అప్పుడే, కానీ రోడ్లు ప్రమాదం, జలగలు సరేసరి. రాజమల పక్కనే పెట్టిముడి ఉంది. 2020 ఆగస్టులో రాత్రి పూట కొండ విరిగి టీ తోట కార్మికుల లైన్ ఇళ్ళ మీద పడి 70 మంది పోయారు. మనం ఫోటోలు తీసుకునే ఆ తోటల్లో ఆకు కోసే కుటుంబాలు వాళ్ళవి. కాబట్టి రెడ్ అలర్ట్ ఉంటే హోటల్ డబ్బులు పోతాయని చూసుకోకుండా ట్రిప్ వాయిదా వేసుకోండి, డ్రైవర్ వద్దంటే బలవంతం చేయకండి.

ఇక ఆ అర మార్కు. పార్క్‌లో లోపం కాదది. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళు అభయారణ్యాలూ నేషనల్ పార్కుల నిర్వహణ మీద చేసిన 2020-25 మదింపులో కాశ్మీర్ దాచిగామ్‌తో పాటు ఎరవికుళానికే అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి, అందులో న్యాయం ఉంది. నేను తగ్గించింది రద్దీకి, రద్దీలో మనం ప్రవర్తించే తీరుకి. రోడ్డు సన్నం, సెలవు రోజుల్లో జాతరలా జనం, ఫోన్లో స్పీకర్ పెట్టి పాటలు, వరయాడు పక్కకి తిరిగితే "ఏయ్, ఇటు చూడు" అని ఈలలు. ఒకాయన చిప్స్ ప్యాకెట్ చింపి చెయ్యి చాపాడు, అది కూడా ముందుకి వచ్చింది, ఉప్పంటే వాటికి మహా ఇష్టం, వాచర్ పరిగెత్తుకొచ్చి ఆపాడు. మనిషి చేతి తిండికి అలవాటైన జంతువు రోడ్డు వదలదు, ప్లాస్టిక్ కూడా తింటుంది. ఆయన మాట్లాడింది మన తెలుగే, అది ఇంకా బాధ. పిల్లలతో వెళ్ళేవాళ్ళు బస్సులోనే చెప్పండి, ముట్టుకోవద్దు, పెట్టొద్దు, అరవొద్దు అని, పిల్లలు మనకంటే బాగా వింటారు.

ఖర్చు, తిండి లాంటివి పెద్దగా చెప్పడానికి లేవు. పైన టీ, స్నాక్స్ దొరుకుతాయి, భోజనం మాత్రం మున్నార్ టౌన్‌లో చేసుకోండి, ఆంధ్రా భోజనం కోసం వెతుక్కునే బదులు పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల (శనగల) కూర తినండి, హాయిగా ఉంటుంది. స్వెట్టర్ తప్పనిసరి, డిసెంబర్ జనవరి పొద్దున్నే చలి సున్నా దగ్గరికి పోతుంది. పెద్దవాళ్ళుంటే వాళ్ళు ఎంత దూరం నడవగలరో ముందే మాట్లాడుకోండి, సగం దూరం వెళ్ళినా వరయాడులు కనబడే అవకాశం ఉంది, గేటు దాకా పోవాలన్న పట్టుదల అక్కర్లేదు. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువా దిగి అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగైదు గంటలు వేసుకోండి. శబరిమల వెళ్ళొచ్చే స్వాములు చాలామంది తిరుగు దారిలో మున్నార్ పెట్టుకుంటారు, డిసెంబర్ కాబట్టి పార్క్ తెరిచే ఉంటుంది, మంచి ఆలోచనే.

ఒక్క ముఖ్యమైన విషయం, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరయాడులు ఈనే కాలం అని రాజమల మూసేస్తారు, తేదీలు ఏటా కొంచెం అటూఇటూ మారతాయి, టికెట్లు కొనే ముందు ఫారెస్ట్ వాళ్ళ ప్రకటన చూసుకోండి. ఆ నెలల్లోనే సెలవు కుదిరితే అదే రోడ్డులో ఇంకా ముందుకి పోండి, లక్కం జలపాతం, మరయూర్ గంధం చెట్లు, చెరకు బెల్లం కాచే గుడిసెలు, పురాతన సమాధి రాళ్ళు, అవి దాటాక చిన్నార్ అభయారణ్యం వస్తుంది. రాజమల నుంచి గంటన్నర ప్రయాణంలోనే వాన మొహం ఎరగని ముళ్ళ అడవిలోకి వచ్చేస్తాం, అక్కడ నక్షత్ర తాబేళ్ళు, పెద్ద బెట్టుడుతలు ఉంటాయి, ఫారెస్ట్ వాళ్ళ గైడ్‌తో నడిచే ట్రెక్కింగ్‌లు కూడా ఉంటాయి.